సూర్యబింబమున మచ్చలు మాయమైన డెబ్బది సంవత్సరములు

ఆర్మూరు చెంతనున్న అంకాపూరు వంటి గ్రామములలో పసుపు సాగుచేయు రైతు ఒక్క పంటకై తొమ్మిది మాసములు నీటిని నమ్ముకొని యుండవలెను. రోహిణి, మృగశిర కార్తెలలో విత్తనపు కొమ్ము నేలలో పెట్టినది మొదలు, సంక్రాంతి దాటిన పిమ్మట త్రవ్వకము ముగియువరకు ఆ పంట నేలలోనే యుండును. విత్తనమునకును, ఎరువునకును, కూలికిని పెట్టుబడి ముందుగనే ఖర్చగును. మూడు నాలుగు మాసములలో ఫలితము తేలిపోవు మొక్కజొన్న వంటిది కాదు. అందుచేత రానున్న యేటి వాన యెట్లుండునో ముందుగా తెలిసికొనవలెనను ఆతురత పసుపు రైతునకు సహజము. ఉగాదినాడు పంచాంగ శ్రవణమున వర్షము ఎన్ని ఆఢకములో వినును. వాతావరణ శాఖవారి అంచనా వినును. నేడు చేతి ఫోనులో వచ్చు వార్తలను గూడ వినును.

అట్టి వార్తలలో ఒకటి తరచుగా తిరిగి వచ్చుచుండును. సూర్యునిపై మచ్చలు తగ్గిపోవుచున్నవనియు, పూర్వమొకప్పుడు ఇట్లే తగ్గి లోకము చలితో గడ్డకట్టినదనియు, మరల అట్టి కాలము రానున్నదనియు దాని సారాంశము. 2015 జూలైలో వేల్సు దేశమున జరిగిన ఖగోళ శాస్త్రజ్ఞుల సభలో, 2030 ప్రాంతమున సూర్యుని చైతన్యము మిక్కిలి తగ్గునని యొక పరిశోధనా బృందము చెప్పెను. పత్రికలు దానిని ‘చిన్న మంచుయుగము’గా మార్చి ప్రపంచమంతట చాటినవి. సూర్యుడు చల్లబడినచో సముద్రమెట్లు కాగును? సముద్రము కాగనిచో మేఘమెట్లు లేచును? వానలెట్లు కురియును? రైతు మనస్సున ఈ ప్రశ్నలు పుట్టుట తప్పు కాదు. ఆ ప్రశ్న రచ్చబండ వద్ద పంచాయతీ సభ్యుని ముందునకు వచ్చినపుడు, ఆయన చెప్పు సమాధానమును బట్టి కొందరు పంట మార్చుకొనవచ్చును, కొందరు చెరువు పూడికతీత నెందుకని అడుగవచ్చును. కావున ఆ పూర్వకాలపు సంగతి యేమో, అది మన నేలకు ఎంతవరకు సంబంధించినదో తెలిసికొనుట అవసరము.

మచ్చలనగా నేమి?

సూర్యుని పైపొర యొక్క వేడిమి సుమారు 5,500 డిగ్రీల సెంటీగ్రేడు. అందు అక్కడక్కడ అయస్కాంత శక్తి మిక్కుటమై, లోపలినుండి పైకి వచ్చు వేడిని అడ్డగించును. ఆ తావున వేడిమి పదునైదు వందల డిగ్రీలో, అంతకుమించియో తగ్గును. తగ్గినను అది కొలిమి కంటె ఎన్నో రెట్లు వేడి. చుట్టునున్న మరింత ప్రకాశమైన భాగముతో పోల్చినపుడు మాత్రమే నల్లగా కనబడును. ఇవియే సూర్యబింబపు మచ్చలు. కొన్ని మచ్చలలో మన భూగోళము వంటివి అనేకము పట్టును. మచ్చలలో అయస్కాంత శక్తి కలదని 1908లో అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జి హేల్ కనుగొనెను.

ఇచట ఒక చిత్రము కలదు. మచ్చలు నల్లనివి గనుక అవి పెరిగినచో సూర్యుని వెలుగు తగ్గవలెనని తోచును. జరుగునది దీనికి విరుద్ధము. మచ్చల చుట్టును ప్రకాశమానమైన తావులు ఏర్పడి, మచ్చ వలన కలిగిన లోటును మించి వెలుగునిచ్చును. కావున మచ్చలు ఎక్కువగానున్న యేడు సూర్యుడు కొంచెము ఎక్కువ వెలుగును, మచ్చలు లేని యేడు కొంచెము తక్కువ. ఆ కొంచెము ఎంత యనునది ముందు చెప్పెదము. ఈ వ్యాసములోని ముఖ్యమైన లెక్క అదియే.

మచ్చలను మానవుడు దూరదర్శినికి పూర్వమే ఎరుగును. ఉదయాస్తమయములందు పొగమంచు చాటున పెద్ద మచ్చ కంటికి కనబడుట కలదు. చైనావారు క్రీస్తు పూర్వము నుండియే వ్రాసి పెట్టుకొనిరి. మన వరాహమిహిరుడు బృహత్సంహితలో సూర్యబింబమున కనబడు తామస కీలకములను గూర్చి చెప్పి, అవి కనబడిన దేశమునకు అరిష్టమని వ్రాసెను. మచ్చ కనబడిన కీడని ఆయన మాట. పదమూడు శతాబ్దములు గడచిన తరువాత మచ్చ కనబడకున్న కీడని దొరలు చెప్పిరి. ఆ కథ కూడ మన తెలుగు జిల్లాల కరువుతోనే ముడిపడి యున్నది.

1645 నుండి 1715 వరకు

1610 ప్రాంతమున ఐరోపాలో గెలీలియో, షైనరు మున్నగువారు దూరదర్శినితో మచ్చలను చూచి బొమ్మలు గీసిరి. ఆనాడు మచ్చలకు కొదువ లేదు. సుమారు 1645 నుండి అవి అరుదైపోయినవి. 1671లో పారిసులో కాసినీ అను ఖగోళజ్ఞుడు ఒక మచ్చను చూచుట గొప్ప విశేషముగా ప్రకటింపబడెను. ఇంగ్లండు రాజ ఖగోళజ్ఞుడు ఫ్లామ్‌స్టీడు 1684లో ఒక మచ్చను చూచి, 1676 తరువాత తనకు కనబడినది ఇదియొక్కటియే యని వ్రాసికొనెను. 1672 మొదలు 1699 వరకు గల ఇరువది యెనిమిది సంవత్సరములలో కనబడినవి యేబదికి లోపు. మామూలు రోజులలో అంత కాలమునకు నలువది వేల మచ్చలు లెక్కకు రావలెను. కనబడిన కొలది మచ్చలును ఎక్కువగా సూర్యుని దక్షిణార్ధముననే యుండినవి. 1715 ప్రాంతమున మచ్చలు మరల యథాప్రకారము తలయెత్తినవి.

చూచువారు లేక కనబడలేదేమో యని సందేహింపవచ్చును. పారిసు వేధశాల 1667లోను, గ్రీనిచ్ వేధశాల 1675లోను ఏర్పడినవి. అనగా చూచువారు పెరిగిన కాలముననే మచ్చలు తగ్గినవి. అయినను ఈ వింతను లోకము చాలకాలము గుర్తింపలేదు. జర్మనీలో మందుల వ్యాపారమును చేసికొను ష్వాబే అను నతడు 1826 నుండి ఎండ కాసిన ప్రతిదినమును సూర్యుని చూచి మచ్చలు లెక్కించి, అవి సుమారు పది యేండ్లకొకమారు పెరిగి తరుగుచున్నవని 1843లో చెప్పెను. ఆ చక్రము పదునొకండేండ్లని తరువాత వోల్ఫ్ అను నతడు సవరించెను. పాత గ్రంథములు వెదకి ఆ డెబ్బది యేండ్ల లోటును మొదట బయటపెట్టినది స్పోరర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు. గ్రీనిచ్ వేధశాలలో పనిచేయుచుండిన వాల్టర్ మాండర్ 1890లోను, 1894లోను దానిని గూర్చి వ్రాసెను. అప్పుడు వినినవారు తక్కువ. 1976లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్డీ ఆ సంగతిని మరల పరీక్షించి, నిజమేయని నిరూపించి, ఆ కాలమునకు ‘మాండర్ కనిష్ఠము’ అని పేరు పెట్టెను.

ఎడ్డీకి సాక్ష్యము చెప్పినవి చెట్లు. సూర్యుని అయస్కాంత శక్తి బలముగా నున్నపుడు అంతరిక్షము నుండి వచ్చు కిరణములను అది కొంత అడ్డగించును. బలము తగ్గినపుడు ఆ కిరణములు ఎక్కువగా వచ్చి, మన గాలిలో ఒక విధమైన బొగ్గు పరమాణువును ఎక్కువగా పుట్టించును. చెట్టు ఆ గాలిని పీల్చి, ఆ సంవత్సరపు వలయములో దానిని దాచుకొనును. మూడు వందల యేండ్ల నాటి చెట్టు మ్రానును కోసి వలయము వలయమును పరీక్షించినచో, ఏ యేడు సూర్యుడు మందకొడిగా నుండెనో తెలియును. పటేలు పట్వారీల దస్తరములు చెదలు తినవచ్చును గాని ఈ దస్తరమును దిద్దువారు లేరు.

ఆ డెబ్బది యేండ్లలో మన దేశము

1645 నుండి 1715 వరకు అనగా మనకేమి గుర్తు? ఔరంగజేబు 1658లో సింహాసనమెక్కి 1707లో మరణించెను. ఆయన పాలన యావత్తు ఈ మచ్చలు లేని కాలములోనే సాగినది. శివాజీ పట్టాభిషేకము 1674లో జరిగెను. గోలకొండలో అబ్దుల్లా కుతుబ్ షా, తరువాత తానీషా రాజ్యము చేసిరి. అక్కన్న మాదన్నలు మంత్రాంగము నడపిరి. భద్రాద్రి రామదాసు చెరసాలలో నుండినదియు ఆ దినములలోనే. 1687లో గోలకొండ పడిపోయెను. ఇన్ని సంగతులు జరుగుచుండగా పైన సూర్యబింబము మచ్చలేక నిర్మలముగా నుండెను. క్రింద నున్నవారెవరును దాని నెరుగరు.

ఐరోపాలో ఆ కాలమున చలి తీవ్రముగా నుండిన మాట నిజము. 1683-84 శీతకాలమున లండను నగరమున థేమ్సు నది గడ్డకట్టి, దానిపై అంగళ్లు వెలసినవి. 1709లో ఫ్రాన్సున చలికి పైరులు చచ్చి జనులు ఆకలికి గురియైరి. అయితే ఆ చలికాలము మచ్చలు తగ్గుటకు ముందే ఆరంభమై, మచ్చలు తిరిగి వచ్చిన తరువాత గూడ నూరేండ్లకు పైగా సాగినది. అగ్నిపర్వతములు బ్రద్దలై బూడిద ఆకాశమును క్రమ్ముట అందుకొక ముఖ్య కారణమని నేటి శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. సూర్యుని పాత్ర కొంత యుండవచ్చును. అది డిగ్రీలో కొలది పాలు మాత్రమే.

మన దక్కనులో సంగతి చూతము. 1630-32లో గుజరాతును, దక్కనును పీడించిన మహా కరువు మచ్చలు పుష్కలముగా నున్న కాలమున వచ్చినది. 1702-04 నాటి దక్కను కరువు మచ్చలు లేని కాలమున వచ్చినది. గోలకొండ ముట్టడి జరిగిన 1687లో మొగలు సేన పడిన బాధ మరియొక విధమైనది. వాన లేక కాదు, ఎడతెగని వానలకు దారులు మూసికొనిపోయి, ముందే కరువు తాకిన దేశమున ధాన్యము శిబిరమునకు చేరక మనుష్యులును పశువులును కృశించిరి. ఇంకను వెనుకకు పోయినచో, సుమారు 1460 నుండి 1550 వరకు సూర్యుడు ఇట్లే మందముగా నుండెనని చెట్ల వలయములు చెప్పుచున్నవి. 1509 నుండి 1529 వరకు సాగిన శ్రీకృష్ణదేవరాయల పాలన ఆ నడుమనే వచ్చును. ఆ కాలమును కరువుకాలమని తెలుగువారెవ్వరును తలంపరు. వ్యవసాయమునకు చెరువులు, కాలువలు త్రవ్వించిన కాలముగానే తలంతురు.

ధాత కరువును, మచ్చల లెక్కయును

ఇక తెలుగు జిల్లాలకును సూర్యుని మచ్చలకును నేరుగా ముడిపడిన కథ. 1876-77 ధాత నామ సంవత్సరము. ఆ యేడు వానలు తప్పినవి; మరుసటి యేడు గూడ మొదటి వానలు తప్పినవి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయినవి. నైజాము రాజ్యపు నైరుతి జిల్లాలలోను కరువు వ్యాపించినది. బ్రిటిషు పాలిత ప్రాంతములలోనే అర కోటికి పైగా జనులు మరణించిరని అంచనా. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో మహా దర్బారు జరుగుచుండగా దక్షిణమున జనులు రోడ్లపై కూలుచుండిరి. కరువు పనులకు వచ్చినవారికి దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని రిచర్డ్ టెంపుల్ దొర నిర్ణయించెను. అది అర సేరు మాత్రమే. మరియొక ప్రక్క దేశమునుండి ధాన్యము ఓడలకెక్కుచునే యుండెను.

ఆ 1877లోనే భారత ప్రభుత్వపు గణాంక శాఖాధిపతి విలియం హంటర్ ఒక పుస్తకమును ప్రకటించెను. మద్రాసు నగరమున 1813 నుండి కొలిచిన వర్షపు లెక్కలను ఆయన సూర్యుని మచ్చల లెక్కల ప్రక్కన బెట్టి చూచెను. మచ్చలు తగ్గిన సంవత్సరములలో మద్రాసున వాన తగ్గుచున్నదనియు, దక్షిణ దేశపు కరువులు ఆ సంవత్సరముల చుట్టుననే గుమిగూడుచున్నవనియు ఆయన సిద్ధాంతము. గుంటూరు సీమను నాశనము చేసిన 1832-33 నాటి నందన కరువు, 1866 నాటి గంజాం కరువు, ఇప్పటి ధాత కరువు ఆయన లెక్కకు అతికినవి. ప్రసిద్ధ ఖగోళజ్ఞుడు నార్మన్ లాకియర్ ఆయనతో చేతులు కలిపి, సూర్యుని మచ్చలును కరువులును అను వ్యాసమును వ్రాసెను. ఇంగ్లండున ఆర్థికశాస్త్రమున పేరుబడిన జెవన్స్ మరియొక మెట్టు పైకెక్కి, మచ్చలు తగ్గిన భారతదేశమున పంటలు తగ్గును, పంటలు తగ్గిన మనవారు ఇంగ్లీషు బట్ట కొనరు, కొనకున్న లండనులో వ్యాపారములు కూలునని సూత్రము కట్టెను. మన రైతు దారిద్ర్యము లండను బజారును కూల్చునన్న భయము వారికి నిదుర పట్టనీయలేదు కాబోలు.

ఈ సిద్ధాంతము పాలకులకు ఎంత అనుకూలమో సభ్యులు గమనింతురు గాక. కరువు సూర్యునినుండి వచ్చినచో శిస్తు రెమిషను ఇయ్యని కలెక్టరు తప్పేమి? గాదెలు నిండియుండగా ధర ఆకాశమునంటినచో వర్తకుని తప్పేమి? హంటర్ నిజాయితీపరుడైన పండితుడే. కరువు కాలమును ముందుగా తెలిసికొని జాగ్రత్తపడవలెననియే ఆయన ఆశయము. అయినను ధాత కరువున జనులు చచ్చినది వాన లేకపోవుట చేతనే కాదు, కొనుటకు కూలి లేకపోవుటచేత. ఆనాడు ధాన్యమున్న చోటనే మరణములు జరిగినవి.

సిద్ధాంతమును ప్రభుత్వములోని వారే కొందరు త్రోసిపుచ్చిరి. రిచర్డ్ స్ట్రాచీ అను ఇంజనీరు 1877లోనే మద్రాసు లెక్కలను గణితముతో పరీక్షించి, యేటికి యేడు వానలో కలుగు హెచ్చుతగ్గుల ముందు మచ్చలకు ముడిపెట్టిన తేడా నిలువదని చూపెను. తరువాత కరువు కమీషనుకు అధ్యక్షుడైనది ఆయనయే. ఆ కమీషను 1880లో ఇచ్చిన నివేదిక ననుసరించి కరువు కోడులు పుట్టినవి. కరువు వచ్చినపుడు పని కల్పించుట ప్రభుత్వపు బాధ్యత యని అందు వ్రాయబడెను. 1904 నుండి భారత వాతావరణ శాఖకు అధిపతియైన గిల్బర్ట్ వాకర్ గొప్ప గణితవేత్త. ఆయన మచ్చలను గూడ విడువక, అనేక ప్రదేశముల వర్షపు లెక్కలతో సరిపోల్చి చూచెను. అందు రైతునకు పనికివచ్చు సంబంధమేదియు దొరకలేదు. అయితే ఆ వెదకులాటలోనే, పసిఫిక్ సముద్రముపై గాలి ఒత్తిడికిని హిందూ మహాసముద్రముపై ఒత్తిడికిని తూనిక వలె ఒకటి లేచిన నొకటి దిగు సంబంధము కలదని ఆయన కనుగొనెను. నేడు ఎల్ నినో యని మనము వినుచున్న దానికి ఆ తూనికతోనే పొత్తు.

లెక్క సరిచూచుట

ఏ సిద్ధాంతమునైనను తరువాతి సంవత్సరములతో సరిచూచుట మేలు. 1917లో మచ్చలు మిక్కిలి ఎక్కువ. మరుసటి 1918లో దేశమంతట వానలు ఘోరముగా తప్పినవి. 2001-02లో మచ్చలు ఎక్కువ. 2002లో నైఋతి వాన సగటు కంటె నూటికి 19 పాళ్లు తగ్గినది. 2008 చివర మచ్చలు దాదాపు సున్న. 2009లో వాన నూటికి 22 పాళ్లు తగ్గినది. ఇంతవరకు చూచినవాడు హంటర్ మాటయో, వరాహమిహిరుని మాటయో తన యిష్టము చొప్పున నమ్మవచ్చును. కాని 2019 చివర మచ్చలు మరల అడుగంటినవి. ఆ యేడు నైఋతి వాన సగటు మీద నూటికి 10 పాళ్లు ఎక్కువ కురిసినది. 2020లోను మంచి వానలే. మన జిల్లావారికి ఎక్కువ గుర్తున్నది 2015-16. నిజాంసాగరము అడుగంటి, బోర్లు ఎండిపోయిన ఆ కాలమున సూర్యుని మచ్చలు తమ గరిష్ఠమును దాటి యెంతో కాలము కాలేదు. పసిఫిక్ సముద్రమున ఎల్ నినో మాత్రము బలముగా నుండెను. 1877లోను అట్లే బలముగా నుండినదని నేటి పరిశోధకులు తేల్చిరి. హంటర్ ఆకాశమున వెదకినది సముద్రమున నుండెను.

ఎందుకిట్లు? ముందు చెప్పెదమన్న లెక్క ఇదియే. మచ్చలు నిండుగానున్న యేటికిని లేని యేటికిని సూర్యుని వెలుగులో తేడా వేయింటికొక పాలు. వేయి రూపాయలలో ఒక రూపాయి. ఎల్ నినో కాలమున పసిఫిక్ సముద్రపు పైనీరు రెండు డిగ్రీల వరకు వేడెక్కి, గాలుల దారినే మార్చివేయును. ఒక్క రూపాయి తేడాను ఆ సందడిలో పట్టుకొనుట యెవరికి సాధ్యము? వందల వేల యేండ్ల మీద మాత్రము సూర్యుని ప్రభావము కొంత కనబడునని చెప్పు సాక్ష్యములు కలవు. ఒమాను దేశపు గుహలలో సున్నపు నీటి బొట్లు పేరుకొని యేర్పడిన రాతికంబములను పరీక్షించినవారు, సూర్యుడు దీర్ఘకాలము మందముగా నున్నపుడు రుతుపవనము కొంత బలహీనపడిన గుర్తులను చూచిరి. కావున సంబంధమే లేదనుట గూడ తొందరపాటు. రాబోవు మృగశిరకు విత్తనము పెట్టవలెనా వలదా యను ప్రశ్నకు మాత్రము అది సమాధానము కాజాలదు.

2015 నాటి జోస్యము సంగతి గూడ చెప్పవలెను. 2019 చివర ఆరంభమైన మచ్చల చక్రము నిద్రపోలేదు. 2024లో గరిష్ఠమునకు వచ్చినపుడు దాని ముందటి చక్రము కంటె బలముగానే యున్నది. ఒకవేళ మాండర్ కనిష్ఠము వంటిది ముందెన్నడైన వచ్చినను, నేడు బొగ్గు, పెట్రోలు కాల్చుటచే పెరుగుచున్న భూతాపము ముందు దాని చల్లదనము చాలదని శాస్త్రజ్ఞుల లెక్క.

కరువు వలన పుట్టిన వేధశాల

హంటర్ సిద్ధాంతము నిలువకపోయినను దాని ఫలము నిలిచినది. సూర్యుని ప్రతిదినము ఫొటో తీయవలెనను తలంపుతో 1878 నుండి డెహ్రాడూనులో పని మొదలుపెట్టిరి. మద్రాసు కరువు పుట్టించిన ఆందోళన ఫలితముగా సూర్యుని శోధించుటకు ప్రత్యేక వేధశాల కావలెనని నిర్ణయించి, 1899లో మద్రాసు నుండి కొడైకెనాలు కొండకు పని మార్చిరి. అచట 1904 నుండి నూరేండ్లకు మించిన సూర్యుని ఛాయాచిత్రములు భద్రముగా నున్నవి. లోకమున అట్టి నిధి అరుదు. 1909లో ఎవర్షెడ్ అను నతడు మచ్చలనుండి వాయువు వెలుపలికి ప్రవహించుటను అచటనే కనుగొనెను.

తెలుగు నేలకు సూర్య శాస్త్రముతో గల సంబంధము ఇంతతో పోదు. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునుండి చూచి సూర్యుని జ్వాలలను శోధించెను. హీలియము అను మూలకము బయటపడిన కథలో ఆ దినము మొదటి మెట్టు. హైదరాబాదున నవాబు జఫర్ జంగు 1901లో స్థాపించిన నిజామియా వేధశాల యుండెను. 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ గ్రహణమును ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి రంగాపూరు వేధశాల వద్ద పరిశీలించిరి. 2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 నౌక 2024 జనవరి 6న తన స్థానమునకు చేరి, సూర్యుని చూచుచున్నది.

సూర్యుని మచ్చలను గ్రామ పాఠశాలలో బాలురకు, బాలికలకు చూపవచ్చును. కంటితో గాని, దూరదర్శినితో గాని సూర్యుని సూటిగా చూడరాదు. చూపు శాశ్వతముగా పోవును. అరచేతి యంత అద్దమునకు కాగితమంటించి, నడుమ పప్పుబద్దంత రంధ్రముంచి, ఎండలో పెట్టి ఆ వెలుగును చీకటిగదిలోని తెల్లగోడపై పడనీయవలెను. గోడ 36 అడుగుల దూరమున నున్నచో నాలుగు అంగుళముల సూర్యబింబము కనబడును. చిన్నవి కానరావు గాని పెద్ద మచ్చ యున్న దినమున నలుసువలె కనబడవచ్చును.

వర్షమాపకమునకు అయ్యెడి ఖర్చు స్వల్పము. ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు దాని యందలి నీటిని కొలిచి పుస్తకమున వ్రాయవలెను. పది మిల్లీమీటర్ల వాన కురిసినదనగా ఎకరమున నలువది వేల లీటర్లకు పైగా నీరు పడినదని లెక్క. ఈ ఒక్క లెక్కతో చెరువునకు ఎంత చేరినది, ఎంత పారిపోయినది సభలో చర్చింపవచ్చును. అదే పుస్తకమున ఒక గడి విడిచిపెట్టి, బెల్జియము దేశపు వేధశాలవారు నెలనెల ప్రకటించు మచ్చల సంఖ్యను గూడ వ్రాయించినచో, ఇరువది రెండేండ్లకు రెండు పూర్తి చక్రములు చేతిలో నుండును; హంటర్ మాటను గ్రామమే పరీక్షింపగలదు. ఆ పుస్తకమును పంచాయతీ కార్యాలయమున గాక పాఠశాలలో నుంచుట మేలు. పంచాయతీ అయిదేండ్లకొకమారు మారును. పై తరగతి పిల్లలు క్రింది తరగతివారికి పుస్తకమును అప్పగించి పోవుదురు.